ఫ్రీమాంట్ నుంచి సెలీనాకు వచ్చాం: ఖర్చు తగ్గింది, ఊరు ఇంకా మనది కాలేదు

నిడదవోలు_అమ్మాయి (సెలీనా, టెక్సాస్)

అందరికీ నమస్కారం. జూన్‌లో పిల్లలకు బడి సెలవులు ఇవ్వగానే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వదిలి, డాలస్‌కు ఉత్తరాన ఉన్న సెలీనాకు వచ్చేశాం. అక్కడ రెండు పడకగదుల అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లం. అద్దె ఏటా పెరిగేది. ఇల్లు కొందామని వెళ్లిన ప్రతిచోటా ధర పదిహేను లక్షల డాలర్ల దగ్గర మొదలయ్యేది. మా వారి కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమంది కాబట్టి ధైర్యం చేశాం. ఇక్కడ అందులో మూడోవంతుకే నాలుగు పడకగదుల కొత్త ఇల్లు దొరికింది. పిల్లలిద్దరికీ చెరో గది, వెనక పెరడు, దేవుడికి విడిగా గది. ఇవన్నీ నిజమైన సుఖాలే, కాదనను.

అయినా రెండు దిగుళ్లు పట్టుకున్నాయి. మొదటిది డబ్బు. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇంటి కిస్తీ మా పాత అద్దెకు అటూ ఇటూగానే ఉంది. మరి నెలాఖరుకు అనుకున్నంత ఎందుకు మిగలడం లేదని కాగితం మీద రాసి చూస్తే కరెంటు, టోలు, రెండో కారు, ఇంటి బీమా, పెరటి గడ్డికి నీళ్లు, ఇలా ఒక్కొక్కటే బయటపడుతోంది. ఇవి మొదటి ఏడాది ఖర్చులేనా, ఎప్పటికీ ఇంతేనా?

రెండోది చెప్పడం కష్టం. ఫ్రీమాంట్‌లో సాయంత్రం ఎలిజబెత్ సరస్సు చుట్టూ నడవడానికి వెళ్తే ఎవరో ఒకరు తెలిసినవాళ్లు కనబడేవారు. మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు అక్కడి బల్లల మీద కూర్చునే పెద్దవాళ్లతో ఇట్టే కలిసిపోయేవారు. ఈసారి ఆమె ఇక్కడికి వచ్చారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లోనే. సెప్టెంబరు వచ్చినా ఎండ తగ్గలేదు. వీధిలో మనిషి కనబడడు. గరాజ్ తలుపు లేస్తుంది, కారు వెళ్తుంది, తలుపు దిగుతుంది. మా అబ్బాయి ఆరో తరగతి. వాడి ఆటలన్నీ ఇప్పటికీ కంప్యూటర్‌లో ఫ్రీమాంట్ పిల్లలతోనే. నేను అక్కడ పసిపిల్లల బడిలో పనిచేసేదాన్ని, అది వదులుకుని వచ్చాను.

ఇలా వచ్చి నిలదొక్కుకున్నవాళ్లు మొదటి రెండేళ్లు ఎలా గడిపారో చెబితే మేలు చేసినవారవుతారు.

---

పాతకాపు (ప్లేనో)

చెల్లెమ్మా, మేము 2009లో న్యూజెర్సీ నుంచి వచ్చాం. డబ్బు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అందులో మీకు ఇంకా కనబడని ఖర్చు ఒకటి ఉంది.

టెక్సాస్ జీతం మీద పన్ను వేయదు, ఇంటి మీద వేస్తుంది. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన అనే చట్టం వల్ల ఇంటి పన్ను కొన్న ధరలో సుమారు ఒక శాతం దగ్గర మొదలై, పన్ను కట్టే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. ఇక్కడ కొత్త కాలనీల్లో అది 2 శాతం దాటడం మామూలే. రోడ్లు, నీటి గొట్టాల కోసం ప్రత్యేక పన్ను జిల్లా ఏర్పాటు చేసిన కాలనీ అయితే ఆ వడ్డింపు అదనం.

అసలు జాగ్రత్త పడవలసింది ఇది. ఇక్కడ ఇంటి విలువను ప్రతి ఏడాది జనవరి 1 నాటి స్థితిని బట్టి కడతారు. మీ ఇల్లు ఆ రోజుకు ఖాళీ స్థలంగానో సగం గోడలతోనో ఉండి ఉంటే, ఈ ఏడాది పన్ను ఆ మేరకే వస్తుంది. వచ్చే ఏడాది పూర్తి ఇంటికి వస్తుంది. ఉదాహరణకు స్థలం 1,20,000 డాలర్లు, పన్ను 2.2 శాతం అనుకుంటే 2,640. అదే 5,00,000 డాలర్ల పూర్తి ఇంటికి, మినహాయింపులు పక్కన పెడితే, 11,000. అప్పు ఇచ్చిన సంస్థ ఎస్క్రో ఖాతాలో, అంటే ఇంటి పన్ను, బీమా కోసం కిస్తీతో పాటు నెలనెలా పట్టుకుని దాచే ఖాతాలో, ఏ లెక్కన పట్టుకుంటోందో ఈ వారమే ఫోను చేసి అడగండి. తక్కువ లెక్కన పట్టుకుంటుంటే ఆ తేడా మీరే నెలనెలా వేరే ఖాతాలో వేసుకోండి. లేకపోతే కిస్తీ నెలకు ఆరేడు వందలు పెరుగుతుంది, దాని మీద పాత లోటు కూడా కలుపుతారు. మా వీధిలో కిస్తీ పెరిగిందని వచ్చిన ఉత్తరం చూసి ఇల్లు అమ్మేద్దామనుకున్నవాళ్లున్నారు.

హోమ్‌స్టెడ్ మినహాయింపుకు, అంటే యజమాని తానే ఉండే ఇంటికి పన్నులో ఇచ్చే తగ్గింపుకు, దరఖాస్తు పెట్టండి. ఇంటి పన్నులో బడులకు వెళ్లే భాగం వరకు ఇంటి విలువలో 1,00,000 డాలర్లు తీసేసేవారు, 2025 నవంబరులో ఓటర్లు దాన్ని 1,40,000కు పెంచారు. బిల్డరు దగ్గర నేరుగా కొన్నారు కాబట్టి జనవరి దాకా ఆగనక్కరలేదు. ఆ మినహాయింపు వచ్చాక పన్ను కట్టే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు. ఇక ఏటా వసంతంలో ఇళ్ల విలువ కట్టే జిల్లా కార్యాలయం నుంచి విలువ నోటీసు వస్తుంది. ఎక్కువనిపిస్తే మామూలుగా మే 15 లోపు అభ్యంతరం చెప్పాలి. చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఎంతకు అమ్ముడయ్యాయో కాగితాలు పెట్టండి. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

---

మెట్టతామర (ప్రాస్పర్)

కరెంటు గురించి. మీ కాలనీకి ఎవరిస్తారో ముందు చూడండి. టెక్సాస్‌లో చాలా చోట్ల 2002 నుంచి అమ్మే కంపెనీని మనమే ఎంచుకోవాలి. తీగలూ స్తంభాలూ ఇటువైపు ఆన్‌కార్ సంస్థవి. సెలీనా, ప్రాస్పర్, ఫ్రిస్కోలలో కొన్ని కాలనీలకు కోసర్వ్ అనే సహకార సంఘం ఇస్తుంది, అక్కడ ఎంపిక ఉండదు.

ఎంపిక ఉంటే ప్రభుత్వం నడిపే పవర్ టు చూజ్ వెబ్‌సైటులో పోల్చండి. పైన కనబడే చౌక ధరను చూసి సంతకం పెట్టకండి. చాలా పథకాల్లో ఆ ధర నెలకు 1,000 యూనిట్లు వాడితేనే వస్తుంది. 900 వాడినా 2,000 వాడినా లెక్క మారిపోతుంది. ప్రతి పథకానికీ ఒక వివరాల పత్రం ఉంటుంది, అందులో 500, 1,000, 2,000 యూనిట్లకు విడివిడిగా ధరలుంటాయి. మీ ఇంటికి వేసవిలో 2,000 దగ్గరే చూడాలి. ఒప్పందం జులైలో ముగిసేలా మాత్రం పెట్టుకోకండి. అప్పుడు ధరలు మండుతుంటాయి.

టోలుకు టోల్‌ట్యాగ్ స్టిక్కరు తీసుకోండి. అది లేకుండా ఇంటికి వచ్చే బిల్లు చాలా ఎక్కువ. తొందర లేని రోజుల్లో ప్రెస్టన్ రోడ్డు మీద వెళ్లినా ఫ్రిస్కో చేరతారు.

---

లెక్కల_మాస్టారు (ఇర్వింగ్)

పన్ను పత్రాలు తయారుచేయడం నా వృత్తి. అమ్మాయి గారి ఇంటికి సంబంధించిన విషయమే ఒకటి చెప్పాలి.

మీ వారికి జీతంతో పాటు కంపెనీ వాటాలు వస్తున్నాయా? కాలిఫోర్నియాలో ఉండగా మంజూరై, టెక్సాస్ వచ్చాక చేతికందే వాటాల మీద కాలిఫోర్నియాకు హక్కు పూర్తిగా పోదు. మంజూరైన రోజు నుంచి చేతికందిన రోజు దాకా ఉన్న పనిదినాల్లో అక్కడ ఎన్ని గడిచాయో ఆ నిష్పత్తిలో అక్కడ పన్ను కట్టాలి. అంటే ఇల్లు మారినా రెండు మూడేళ్లు కాలిఫోర్నియాకు పత్రం దాఖలు చేస్తూనే ఉండవలసి రావచ్చు. ఈ ఏడాదికి మీరు సగం ఏడాది నివాసిగా 540ఎన్ఆర్ పత్రం వేయాలి. కంపెనీ జీతాల విభాగానికి కొత్త చిరునామా ఏ తేదీ నుంచి అమలైందో చూసుకోండి. ఆ తర్వాత కూడా అక్కడి పన్ను కోస్తుంటే ఆ డబ్బు వెనక్కి రావడానికి వచ్చే ఏడాది దాకా ఆగాలి.

ఇల్లు మారిన రుజువులు దాచండి. లారీ రసీదు, అద్దె ఇల్లు ఖాళీ చేసిన కాగితం, పిల్లల బడి మార్పు, టెక్సాస్ లైసెన్సు. లైసెన్సుకు 90 రోజులు, కార్ల నమోదుకు 30 రోజులు గడువు. 2025 నుంచి సొంత కార్లకు భద్రతా పరీక్ష తీసేశారు గానీ కాలిన్, డెంటన్, డాలస్ వంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది.

---

నల్లరేగడి (మెకిన్నీ)

నేను సివిల్ ఇంజినీరును, మాది కర్నూలు జిల్లా. ఈ ఊళ్లో దిగిన మొదటి వేసవిలో పెరట్లో నెర్రెలు చూడగానే మా పొలం గుర్తొచ్చింది. డాలస్ తూర్పున, ఉత్తరాన ఉన్నది బ్లాక్‌లాండ్ ప్రెయిరీ, అంటే మన నల్లరేగడి జాతి నేలే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు వేస్తుంది. మన ఇళ్లు దాని మీద కాంక్రీటు పలక పరిచి కట్టినవి. ఒకవైపు తడి, ఒకవైపు పొడి అయితే పలక వంగుతుంది. తలుపులు పట్టేస్తాయి, గోడల మూలల్లో చీలికలు వస్తాయి. వేసవిలో పునాది చుట్టూ అడుగు దూరంలో ఊరుతూ తడిపే గొట్టం వేసి, వారానికి రెండు మూడుసార్లు నీళ్లు వదలండి. గడ్డి ఎండితే మళ్లీ వేసుకోవచ్చు, పునాది మరమ్మతు వేల డాలర్లు. నీళ్ల బిల్లు తగ్గించాలంటే గడ్డి దగ్గర తగ్గించండి, పునాది దగ్గర వద్దు. మీ ఊరు నీటి వాడకానికి పెట్టిన రోజులేవో చూసుకుని చేయండి.

మార్చి నుంచి జూన్ దాకా వడగళ్లు. ఇంటి బీమా పత్రం తీసి, గాలి, వడగళ్ల నష్టానికి మీ వాటా ఎంతో చదవండి. చాలా పత్రాల్లో అది ఇంటి బీమా విలువలో 1 శాతం లేదా 2 శాతం. 5,00,000 డాలర్ల మీద 2 శాతమంటే పైకప్పు పోయినప్పుడు మొదటి 10,000 మీ చేతి నుంచే. ఆ మొత్తం పక్కన పెట్టుకోనంతవరకు ఇక్కడ చౌకగా బతుకుతున్నామని అనుకోవడం తొందరపాటు. వాన వెలిసిన మర్నాడే తలుపు తట్టి 'పైకప్పు ఉచితంగా మారుస్తాం' అనేవాళ్లకు సంతకం ఇవ్వవద్దు.

సుడిగాలి సంగతి. డాలస్ చుట్టుపక్కల చాలా ఊళ్లలో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం సైరను పరీక్షిస్తారు. మీ అత్తయ్యగారికి ఇది తప్పకుండా చెప్పండి, కొత్తవాళ్లు హడలిపోతారు. నిజంగా మోగితే కింది అంతస్తులో కిటికీలు లేని గదిలోకి, అంటే మెట్ల కిందికో లోపలి స్నానాలగదిలోకో వెళ్లాలి. ఈ నేల వల్లనే ఇక్కడి ఇళ్లకు నేలమాళిగలు అరుదు. ఆ చోటేదో ఇప్పుడే పిల్లలకు చూపించి ఉంచండి.

2021 ఫిబ్రవరి చలి గురించి విని ఉంటారు. ఆ నెల 16న డాలస్ విమానాశ్రయం దగ్గర సున్నాకు దిగువన 19 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. కరెంటు పోయి గొట్టాలు పగిలాయి. ప్రధాన నీటి కవాటం ఎక్కడుందో, ఎలా మూయాలో ఇంట్లో పెద్దవాళ్లందరూ నేర్చుకోండి.

---

నిడదవోలు_అమ్మాయి

ఇంత ఓపికగా రాసినందుకు అన్నయ్యగారికీ, మాస్టారికీ, మీ అందరికీ నమస్కారాలు. అప్పు ఇచ్చిన సంస్థకు ఈ రోజే ఫోను చేశాం. పాతకాపు గారు చెప్పినట్టే స్థలం విలువ మీదే పట్టుకుంటున్నారు. పూర్తి విలువ మీద పట్టుకోమని రాసి ఇచ్చాం. వాటాల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మా వారు జీతాల విభాగానికి రాస్తున్నారు.

నల్లరేగడి గారూ, సైరను గురించి రాసినది అత్తయ్యగారికి చదివి వినిపించాను. 'మన తుపాను హెచ్చరిక లాంటిదన్నమాట' అని తేలిగ్గా తీసుకున్నారు. ఆమెకు తోచకపోవడమే నాకు బెంగ.

---

తెనాలి_అమ్మమ్మ (ఫ్రిస్కో)

అమ్మాయీ, మీ అత్తగారి తరఫున నేను మాట్లాడతాను. మా అబ్బాయి శాన్ హోసే నుంచి ఇక్కడికి మారినప్పుడు నేనూ ఆయనా వాళ్లతోనే ఉన్నాం. మాకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇక్కడే స్థిరపడ్డాం.

పిల్లలు ఇల్లు మారేటప్పుడు బడులు చూస్తారు, ధర చూస్తారు, అల్మారాలు చూస్తారు. ముసలివాళ్లు కాలినడకన ఎక్కడికి వెళ్లగలరో ఎవరూ చూడరు. నేను మా వాడితో ఈ మాట అన్నాను, వాడు బాధపడ్డాడు, అయినా అనవలసిన మాటే. అక్కడ మాకు బస్సు ఉండేది. ఫ్రిస్కో డార్ట్ రవాణా సంస్థలో లేదు, రైలూ బస్సూ రావు. కారు నడపలేని మనిషికి ఇక్కడ ఎవరైనా తీసుకెళ్తే ప్రయాణం, లేకపోతే ఇల్లు.

మాకు దారి చూపింది కార్యసిద్ధి హనుమాన్ ఆలయం. దర్శనం చేసుకుని వచ్చేస్తే ఏమీ కాదు. పని అడగాలి. నేను పూలు కట్టడానికి కూర్చున్నాను, ఆయన పుస్తకాల దగ్గర. పని చేసే చోట మనుషులు మాట్లాడతారు. అక్కడే మా కాలనీకి రెండు వీధుల అవతల ఉన్న ఒకావిడ పరిచయమైంది. ఇన్నాళ్లూ అంత దగ్గరలో ఉండి ఒకరికొకరం తెలియదు. ఇప్పుడు మా ఇద్దరి కోడళ్లు వారాలు పంచుకుని మమ్మల్ని దింపుతారు.

ఎండకు భయపడి పూర్తిగా లోపల కూర్చోవద్దని చెప్పు. పొద్దున ఆరున్నరకు నడవాలి. ఇంకొక మాట, ఇండియాకు ఫోను చేసే వేళ ఇక్కడ హాయి. ఇప్పుడు మనకు రాత్రి ఎనిమిదైతే అక్కడ తెల్లవారి ఆరున్నర, కాఫీ తాగుతూ మాట్లాడతారు. కాలిఫోర్నియాలో ఆ వేళకు అక్కడ ఎనిమిదిన్నర అయ్యేది, అందరూ పనుల తొందరలో ఉండేవారు.

నాకు మిగిలిపోయిన దిగులు కరివేపాకు చెట్టు. శాన్ హోసేలో నా ఎత్తు పెరిగింది, తీసుకురానివ్వలేదు.

---

పెరటితోట (అలెన్)

పిన్నిగారూ, తేకపోవడమే సరైన పని. కరివేపాకు, నిమ్మ, నారింజ ఒకే కుటుంబం. సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు వీటి మీద చేరి, నారింజ తోటలను చంపే తెగులును మోస్తుంది. అందుకే కాలిఫోర్నియాలో ఆ పురుగు ఉన్న ప్రాంతాల నుంచి ఈ మొక్కలను రాష్ట్రం దాటించడానికి వీల్లేదు. ఆకుల్లో దాక్కుంటుంది కాబట్టి కంటికి మొక్క శుభ్రంగానే కనబడుతుంది. టెక్సాస్ దక్షిణాన రియో గ్రాండే లోయలో పెద్ద నారింజ, గ్రేప్‌ఫ్రూట్ తోటలున్నాయి, వాటికి ముప్పు.

ఇక్కడి నర్సరీలోనే మొక్క కొనండి. తప్పకుండా కుండీలో, చక్రాల పీట మీద పెట్టండి. నవంబరు రెండో వారం నుంచి రాత్రి వాతావరణం చూస్తూ ఉండి, మంచు పడే సూచన ఉంటే గరాజ్‌లోకి లాగండి. చలికాలంలో ఆకులు రాలుస్తుంది, చనిపోయిందని పారేయవద్దు, నీళ్లు తగ్గించండి. మార్చి చివర కొమ్మలు కత్తిరించి బయట పెడితే మళ్లీ చిగురిస్తుంది. వేసవిలో ఈ ఎండకు ఫ్రీమాంట్‌లో కంటే వేగంగా పెరుగుతుంది. అమ్మాయి గారికి కావాలంటే నా దగ్గర రెండు పిలకలున్నాయి.

---

కొత్తదారి (శాంటాక్లారా)

నేనూ వచ్చే ఏడాది డాలస్‌కు రావాలనుకుంటున్నాను. హెచ్1బి మీద ఉన్నాను. ఇంటి నుంచి పని కాబట్టి చిరునామా మార్చుకుని వచ్చేయవచ్చని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

---

వేకువ (కాపెల్)

తమ్ముడూ, కాదు. ఇంటి నుంచి చేసినా ఇల్లే మీ పనిచోటు. మీ దరఖాస్తులో రాసిన మహానగర ప్రాంతం దాటి పనిచోటు మారితే, మారకముందే కంపెనీ సవరణ దరఖాస్తు వేయాలి. 2015లో వలస విభాగం అప్పీళ్ల కార్యాలయం ఒక కేసులో ఇది తేల్చి చెప్పింది. గ్రీన్ కార్డు ప్రక్రియ కూడా ఫలానా చోటి ఉద్యోగం మీదనే నడుస్తుంది కాబట్టి, మీది ఏ దశలో ఉందో కంపెనీ వకీలుతో మాట్లాడి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే ఇల్లు చూడండి.

ఇక అమ్మాయి గారితో ఒక మాట. ఇంతవరకు అందరూ ఇంటి గురించీ పన్ను గురించీ రాశారు. మీరు మీ ఉద్యోగం గురించి ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. నాకు ఆ వాక్యమే పట్టుకుంది. 2018లో మేము సన్నీవేల్ నుంచి వచ్చినప్పుడు నేనూ ఉద్యోగం వదిలి వచ్చాను. ఇల్లు చౌకగా వచ్చిందని లెక్క వేసినప్పుడు నా జీతం ఆ పట్టికలో లేదు. మా వారి ఉద్యోగం ఆయనతో పాటు కంప్యూటరులో వచ్చింది. ఆయనకు పొద్దున్నే మాట్లాడే పాత మనుషులందరూ అలాగే ఉన్నారు. మారింది ఊరు మాత్రమే. నాకు ఊరూ, పనీ, మధ్యాహ్నం కలిసి భోంచేసే మనుషులూ అన్నీ ఒకేసారి పోయాయి. ఇంట్లో ఇద్దరం ఒకే ప్రయాణం చేశామని అనుకున్నాం, ఇద్దరికీ ఖర్చు మాత్రం ఒకటి కాదు. ఈ సంగతి మా వారితో కూర్చుని చెప్పేదాకా ఆయనకు తట్టలేదు. చెప్పాక సాయంత్రాలు పిల్లల బాధ్యత ఆయన తీసుకున్నారు, నేను చదువుకున్నాను.

మీకు పని అనుమతి ఉంటే, పసిపిల్లలతో పనిచేసిన అనుభవం ఇక్కడ పనికొస్తుంది. సెలీనా, ప్రాస్పర్‌లలో కొత్త బడులు కడుతూనే ఉన్నారు. ముందు బదులు టీచరుగా, అంటే సెలవు పెట్టిన టీచరు స్థానంలో పాఠం చెప్పే సబ్‌స్టిట్యూట్‌గా చేరండి. వేలిముద్రల తనిఖీ, చిన్న శిక్షణ ఉంటాయి. డిగ్రీ ఉన్నవాళ్లు పనిచేస్తూనే టీచరు ధ్రువపత్రం సంపాదించుకునే ప్రత్యామ్నాయ మార్గం టెక్సాస్‌లో ఉంది. నేను అలాగే వచ్చాను. మీ ఊరిని మీకు పరిచయం చేసేది ఆ బడే అవుతుంది.

---

తిరుగుప్రయాణం (శాన్ హోసే)

నేను వేరే వైపు మాట చెప్పాలి. మేము 2021లో ఆస్టిన్ పక్కన లియాండర్‌కు వెళ్లాం, తిరిగి వచ్చేశాం. కంపెనీ వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంది. అక్కడ నా పనికి తగిన ఉద్యోగాలు తక్కువ. 2022 తర్వాత ఆస్టిన్ వైపు ఇళ్ల ధరలు దిగాయి కాబట్టి అమ్మితే నష్టం. అద్దెకు ఇచ్చి వచ్చాం. యజమాని ఆ ఇంట్లో ఉండకపోతే హోమ్‌స్టెడ్ మినహాయింపు పోతుంది, పన్ను పెరిగింది, అద్దె దానికి సరిపోవడం లేదు.

ఇంటి నుంచి పని అనేది కంపెనీ ఇచ్చిన సౌకర్యం, అది రేపు వెనక్కి తీసుకోవచ్చు. డాలస్‌లో ఉన్న మీకు ఒక బలముంది, చుట్టూ బ్యాంకులు, ఫోను కంపెనీలు, బీమా సంస్థలు, విమాన సంస్థల ఆఫీసులున్నాయి. మీ వారిని ఇప్పుడే అక్కడి ఉద్యోగాల వైపు ఒక కన్ను వేసి ఉంచమనండి. పని పోయాక మొదలుపెట్టే వెతుకులాట వేరు.

---

పాతకాపు

తిరుగుప్రయాణం గారితో ఏకీభవిస్తున్నాను. ఒక్క జీతం, అదీ వేరే రాష్ట్రం నుంచి వచ్చేది అయితే ఆరు నెలల కిస్తీ చేతిలో ఉండాలి. పెద్ద ఇంటికి పెద్ద సామాను కొనడం ఆ డబ్బు చేరేదాకా ఆపండి. ఖాళీ గది ఖాళీగానే ఉండనివ్వండి.

---

మనబడి_విద్యార్థిని (ఆస్టిన్)

అందరికీ నమస్కారం. నేను చిన్నదాన్ని, యూనివర్సిటీలో చదువుతున్నాను. ఎనిమిదో తరగతి అయ్యాక మా అమ్మానాన్నలు నన్ను కాలిఫోర్నియా నుంచి ఫ్రిస్కోకు తీసుకొచ్చారు. ఆంటీ, మీ అబ్బాయి గురించి చదివాక రాయాలనిపించింది.

ఆరో తరగతిలో రావడం మంచిదే, ఇంకా సమయం ఉంది. నేను వచ్చేసరికి అందరికీ జట్లు ఏర్పడిపోయాయి. టెక్సాస్‌లో తరగతి ర్యాంకుకు చాలా విలువ. 1997 చట్టం వల్ల ప్రతి హైస్కూలులో మొదటి 10 శాతం పిల్లలకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం వస్తుంది, ఆస్టిన్‌లోని యూనివర్సిటీకి మాత్రం 2026 ప్రవేశాల నుంచి అది 5 శాతమే. మన పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో ఆ ర్యాంకు కోసం పోటీ విపరీతం. స్నేహితులే పోటీదారులవుతారు. నాకు మొదటి ఏడాది మధ్యాహ్నం ఒంటరిగా తినడం గుర్తుంది, ఇంట్లో చెప్పలేదు. కొత్త ఇల్లు చూసి అమ్మ అంత సంతోషంగా ఉంటే చెప్పాలనిపించలేదు.

నాకు మనబడి తెలుగు తరగతులు సాయం చేశాయి. సిలికానాంధ్ర మనబడి కాలిఫోర్నియాలోనూ ఇక్కడా ఒకటే పాఠాలు కాబట్టి నేను ఆపిన చోటునుంచే మొదలుపెట్టాను. ఆ ఒక్క తరగతిలో నేను కొత్తపిల్లను కాను. మీ అబ్బాయి అక్కడ చదివి ఉంటే ఇక్కడ తప్పకుండా చేర్పించండి. ఫ్రీమాంట్ స్నేహితులతో ఆటలు ఆపించకండి, దయచేసి. అవి వాడికి కావాలి. వాటితో పాటు ఇక్కడ ఒక్క స్నేహితుణ్ణి వెతకండి, ఒక్కరు చాలు. మీరు అడగండి, వాడంతట వాడు చెప్పకపోవచ్చు.

---

క్యారీ_నుంచి (ఉత్తర కరోలినా)

టెక్సాస్ ఒక్కటే దారి కాదని చదివేవాళ్లకు చెప్పడానికి రాస్తున్నాను. మేము సన్నీవేల్ నుంచి ఇటు వచ్చాం. ఇక్కడ ఆదాయపు పన్ను ఉంది, 2025లో 4.25 శాతం. ఇంటి పన్ను ఒక శాతం లోపే. ఆదాయం తగ్గినా, పదవీ విరమణ చేసినా ఇల్లు భారం కాదన్నది మా ఆలోచన. చెట్లున్నాయి, వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. హైదరాబాదు ప్రయాణం మాత్రం మీకే సులువు. డాలస్ నుంచి దోహాకో దుబాయికో నేరుగా ఎక్కేస్తారు, మేము ఇంకో విమానం మారాలి.

---

నిడదవోలు_అమ్మాయి

నిన్న రాత్రి మా వారూ నేనూ ఈ జవాబులన్నీ కలిసి చదివాం. వేకువ గారు రాసినది ఆయన గట్టిగా చదివి, కాసేపు ఆగి, 'నువ్వెందుకు చెప్పలేదు' అన్నారు. నాకే ఇంత స్పష్టంగా తెలియలేదని చెప్పాను. నాకు పని అనుమతి ఉంది. బదులు టీచరు దరఖాస్తు సోమవారం పెడుతున్నాను. బుధ, గురువారాలు సాయంత్రం పిల్లల పని ఆయనది.

మా అబ్బాయిని అడిగాను. మధ్యాహ్నం ఎవరితో తింటావు అంటే ముందు మాట దాటేశాడు, తర్వాత ఒక తమిళ అబ్బాయి పేరు చెప్పాడు. వాళ్ల అమ్మ ఫోను నంబరు సంపాదించాను. శనివారం రమ్మన్నాం.

అత్తయ్యగారి విషయంలో అమ్మమ్మగారి సాయం కావాలి. మేము గుడికి వెళ్లినప్పుడు మిమ్మల్ని ఎలా కలుసుకోవాలి? ఆమెకు పూలు కట్టడం బాగా వచ్చు. ఇండియాకు వెళ్లడానికి ఇంకా మూడు నెలలుంది.

పెరటితోట గారూ, ఒక పిలక మాకు ఉంచండి.

---

తెనాలి_అమ్మమ్మ

శనివారం పొద్దున తీసుకురా అమ్మా. పూలు కట్టే చోట తెనాలి వాళ్లెవరని అడిగితే చాలు. దారం మేమే ఇస్తాం.

---

నిడదవోలు_అమ్మాయి

తప్పకుండా తీసుకొస్తాం పిన్నిగారూ. పాతకాపు అన్నయ్యగారూ, హోమ్‌స్టెడ్ దరఖాస్తు నింపుతున్నాం. మా వారికి ఇంకా కాలిఫోర్నియా లైసెన్సే ఉంది. దానితో పంపవచ్చా?

---

పాతకాపు

వద్దు చెల్లెమ్మా, తిప్పి పంపుతారు. లైసెన్సు మీద చిరునామా, ఇంటి చిరునామా ఒకటే ఉండాలి. ఎలాగూ 90 రోజుల గడువు దగ్గరపడింది. సెలీనా దగ్గర్లో లైసెన్సు కార్యాలయంలో ఖాళీ దొరకకపోతే షెర్మన్ వైపు చూడండి, ముందుగా సమయం తీసుకుని వెళ్లండి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఇంటి చిరునామా ఉన్న రెండు బిల్లులు, కారు నమోదు పత్రం, బీమా పత్రం పట్టుకెళ్లండి. కారు నమోదు ముందు పూర్తి చేయండి, లైసెన్సుకు ఆ కాగితం అడుగుతారు.